తాత జపాన్ వాళ్ళకి పనిచేశాడని నవలలో రాయాలా, వద్దా?

కోరంగి_కలం
మూడేళ్ళుగా ఒక నవల రాస్తున్నాను. పద్నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. ఇంట్లో గొడవైంది, మీరే ఏదో ఒకటి చెప్పాలి.

కథ మా ఇంటిదే. మా తాత, ఆయన అన్నగారు ఇద్దరూ రంగం వెళ్ళినవాళ్ళు. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. పెద్దతాత ముందు వెళ్ళి, రేవులో మూటలు మోసి మోసి మేస్త్రీ అయ్యాడు. తమ్ముణ్ణి 1936లో కాకినాడలో స్టీమరెక్కించి తనే తీసుకెళ్ళాడు. 1942లో జపాన్ వాళ్ళు వస్తున్నారనగానే తమ్ముడు నడిచి వచ్చేశాడు, అన్న ఉండిపోయాడు. ఉండిపోయి జపాన్ వాళ్ళకి రేవులో కూలీలను కుదిర్చాడు, జపాన్ వాళ్ళ అండతో అక్కడి మనవాళ్ళు నడిపిన ఇండిపెండెన్స్ లీగుకి చందాలు వసూలు చేశాడు. ఇక్కడికొచ్చిన తమ్ముడు 1943లో పయొనీర్ కోర్‌లో, అంటే ఇంగ్లీషు సైన్యానికి కూలిపని చేసే దళంలో చేరి, 1945 మేలో ఇంగ్లీషు పటాలంతో పాటు అదే రేవులో దిగాడు. అన్నదమ్ములు మళ్ళీ ఎదురుపడింది అక్కడే. తమ్ముడు ఖాకీలో ఉన్నాడు, అన్న లాకప్పులో ఉన్నాడు.

1946లో అన్న కూడా ఊరికొచ్చేశాడు. అప్పట్నించి 1971లో ఆయన పోయేదాకా గోడకి ఇటొకరు, అటొకరు. పాతికేళ్ళు మాటల్లేవు. పెళ్ళి శుభలేఖలు పిల్లల చేత పంపించుకునేవారు.

పద్నాలుగో అధ్యాయంలో పెద్దతాత జపాన్ అధికారికి కూలీల పేర్లు రాసి ఇస్తాడు. రేవు పని కాదు, ఊరి బయట రోడ్డు పని. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగి రారు. ఇది నేను కల్పించింది కాదు, మా తాత మా నాన్నకి చెప్పింది. పెద్దతాత కొడుకు కూతురు, నాకు అక్క వరస, రాత ప్రతి చదివి ఫోన్ చేసింది. "ఆ అధ్యాయం తీసెయ్యి, లేకపోతే మీ గడప తొక్కను" అంది. నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. తీసెయ్యనా?

గౌతమి_గట్టు
తీసెయ్యకండి. ఆ అధ్యాయం తీసేస్తే అన్నదమ్ములు ఎందుకు మాట్లాడుకోలేదో చదివేవాడికి తెలిసేదెలా?

అమలాపురం_అబ్బులు
నేను ఒప్పుకోను. పోయినవాళ్ళు పోయారు. ఉన్నవాళ్ళకి పెళ్ళిళ్ళు, పేరంటాలు, పురుళ్ళు ఉంటాయి. రేపు ఆవిడ మనవరాలి సంబంధం దగ్గర ఎవడో ఈ పుస్తకం తీసి చూపిస్తే? నవలే కదా, మేస్త్రీని వేరే ఇంటివాణ్ణి చెయ్యండి, సరిపోతుంది.

గౌతమి_గట్టు
వేరే ఇంటివాడైతే అది వేరే నవల, అబ్బులు గారూ.

తాళ్ళరేవు_మాస్టారు
ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినవాణ్ణి, కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

"జపాన్ వాళ్ళకి పనిచేశాడు" అనే మాట ఇక్కడ గోదావరి ఒడ్డున కూర్చుని అంటే ఒక అర్థం, 1942 మార్చిలో రంగూన్‌లో నిలబడి అంటే ఇంకో అర్థం. ముందు తేదీలు. 1941 డిసెంబర్ 23న పట్టపగలు రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడ్డాయి. మళ్ళీ 25న పడ్డాయి. రేవు కూలీలు, ఎక్కువమంది మనవాళ్ళే, ఊరొదిలి ఉత్తరాన ఉన్న ప్రోమ్ ఊరి దారి పట్టారు. వాళ్ళు పోతే ఓడల్లో సరుకు దించేవాడుండడని సర్కారే వాళ్ళని వెనక్కి మళ్ళించింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడింది. మార్చి 8న రంగూన్ పడింది. డబ్బున్నవాళ్ళకి స్టీమరు టిక్కెట్టు దొరికింది. డెక్కు మీద పోయే కూలీకి ఆ దారి మూసుకుపోయింది. నాలుగైదు లక్షల మంది నడిచారంటారు, వాళ్ళలో వేలకి వేల మంది దారిలోనే పోయారు.

అలా నడవలేనివాడు, నడవకూడదనుకున్నవాడు ఉండిపోయాడు. ఉండిపోయినవాడు తినాలి కదా. రేవు జపాన్ వాడిది, బియ్యం గిడ్డంగి జపాన్ వాడిది, నోటు కూడా జపాన్ వాడు అచ్చేసిందే. వద్దన్నవాణ్ణి మిలిటరీ పోలీసులు తీసుకుపోయేవాళ్ళు. బర్మా నాయకుడు ఆంగ్ సాన్ సైన్యమే జపాన్ వాళ్ళ వెంట దేశంలోకి వచ్చి, 1945 మార్చి 27న వాళ్ళ మీదే తిరగబడింది. ఆయన్ని అక్కడ జాతిపిత అంటారు. మరి తాళ్ళరేవు వైపు నుంచి పోయిన ఒక మేస్త్రీకి వేరే తూకం ఎందుకు?

అధ్యాయం ఉంచండి. కానీ ఆయన ముందు ఏ దారులున్నాయో అదే అధ్యాయంలో చూపించండి.

సామర్లకోట_శీను
మాస్టారూ, మీరంటే గౌరవం. కానీ దీనికి నేను జవాబు చెప్పకుండా ఉండలేను.

మా అమ్మమ్మ అన్నగారు మలయాలో రబ్బరు తోటలో ఉండేవాడు. 1943లో తోటలోంచి లారీల్లో ఎక్కించి జపాన్ వాళ్ళు సయాం (థాయ్‌లాండ్) నుంచి బర్మాకి వేస్తున్న రైలుదారి పనికి తీసుకుపోయారు. 415 కిలోమీటర్ల దారి, అడవి, కొండ, వాన, కలరా. తెల్ల ఖైదీలకి సమాధులున్నాయి, రాళ్ళ మీద పేర్లున్నాయి. మన తెలుగు, అరవ కూలీలకి అవి లేవు. లక్ష మంది దాకా పోయారంటారు, ఎవరూ లెక్కపెట్టలేదు గనక అందులో సగం ఊహే. ఆయన రాలేదు. ఎవరు వచ్చి చెప్పారో తెలుసా? అదే తోటలో పనిచేసిన తుని వైపు ఆయన 1947లో ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "మీవాణ్ణి రాసింది మన కంగాణీయే అమ్మా" అన్నాడు. మన కంగాణీయే. అంటే తోటలో కూలీల మేస్త్రీ. తెలుగువాడే. అమ్మమ్మ తొంభై ఏళ్ళు బతికింది. జపాన్ వాణ్ణి ఒక్క మాట అనలేదు. కంగాణీని మాత్రం తలుచుకుని తిట్టని పండగ లేదు.

వద్దంటే తనని కొడతారని భయపడి పేర్లిచ్చాడంటారు. ఇచ్చిన పేర్లు ఎవరివి? అప్పు తీరనివాడి పేరు, ఎదురు తిరిగినవాడి పేరు, ఎవరూ లేనివాడి పేరు. ఎంచుకున్నాడు కదండీ. ఆ ఎంచుకోవడం రాయండి. మెత్తబరచకండి.

తాళ్ళరేవు_మాస్టారు
శీనూ, నువ్వన్న చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఎంచుకోవడం నేను వదిలేశాను. నిజమే.

అమలాపురం_అబ్బులు
మేస్త్రీ అంటే కూలీ కుదిర్చేవాడనే అనుకున్నా ఇన్నాళ్ళూ. అప్పు సంగతి ఏంటి?

కోరంగి_కలం
అబ్బులు గారూ, రంగం మేస్త్రీ ఊళ్ళోనే అడ్వాన్సు ఇచ్చేవాడు. స్టీమరు చార్జీ, ఇంట్లో పడెయ్యడానికి పది ఇరవై రూపాయలు. అక్కడికెళ్ళాక కూలీలోంచి పట్టుకునేవాడు. తినే కొట్టు కూడా తరచు మేస్త్రీదే. ఏడాదిలో తీరిపోతుందన్న బాకీ మూడేళ్ళకీ తీరేది కాదు. మా తాత సొంత అన్నకే బాకీ ఉన్నాడు. నడిచొచ్చే ముందు రాత్రి వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాటల్లో ఆ బాకీ కూడా ఉంది, ఆరో అధ్యాయంలో రాశాను.

లంక_లక్ష్మి
అందరూ రంగంలోనే తిరుగుతున్నారు. ఇక్కడున్న ఆడవాళ్ళ సంగతేంటి? పెద్దతాత భార్య ఎక్కడుంది మీ నవలలో?

మా నాయనమ్మ మాట చెప్తాను. మా లంకలో పదహారు ఇళ్ళ మగాళ్ళు రంగంలో ఉండేవారట. నెలనెలా మనియార్డరు వస్తేనే శిస్తు, అదొస్తేనే పిల్లలకి బట్టలు. రంగూన్ పడ్డాక ఉత్తరం లేదు, మనియార్డరు లేదు, మనిషి ఉన్నాడో పోయాడో తెలీదు. మూడేళ్ళు! బొట్టు పెట్టుకోవాలా తీసెయ్యాలా తెలీని మూడేళ్ళు. పోస్ట్‌మేన్ పడవ దిగితే రేవులో ఆడవాళ్ళంతా నిలబడేవారట, ఆయన చేతులూపుకుంటూ వచ్చేవాడట. ఆఖరికి పాపం ఆయనే ఆ రేవులో దిగడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాడట.

బర్మా బియ్యం రావడం ఆగిపోయాక ఇక్కడి ధాన్యానికి కంట్రోలు పెట్టారు. చుట్టూ వరిచేలే, అయినా గాదె కింద ఊడ్చుకుని తిన్న ఇళ్ళున్నాయి. నాయనమ్మ చెవుల పోగులు అప్పుడే పోయాయి. తర్వాత తాత వచ్చి కొత్తవి చేయిస్తానంటే చెవులు పూడిపోయాయి, వద్దు అందట.

గౌతమి_గట్టు
లక్ష్మి గారి పోస్ట్‌మేన్‌ని నవలలో పెట్టకపోతే నేను కొనను. ముందే చెప్తున్నా.

కోరంగి_కలం
పెద్దతాత భార్య, మేం పెద్దమామ్మ అనేవాళ్ళం, నవలలో రెండు మూడు చోట్లే ఉంది. లక్ష్మి గారూ, మీరడిగాక ఆ పేజీలు మళ్ళీ తిరగేశాను. ఆవిడ వంటింట్లో తప్ప ఎక్కడా మాట్లాడలేదు. సిగ్గుగా ఉంది.

ఇంకో సంగతి. 1942 ఏప్రిల్ 6న కాకినాడ రేవు మీద, విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి కదా. కాకినాడ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. మా ఇంట్లో అప్పుడు పద్నాలుగు మంది చుట్టాలు తలదాచుకున్నారట. అంటే పెద్దమామ్మ జపాన్ విమానాలకి భయపడి పారిపోయొచ్చినవాళ్ళకి వండి పెడుతున్న రోజుల్లోనే, ఆవిడ మొగుడు రంగంలో జపాన్ ఓడకి సరుకు ఎక్కిస్తున్నాడు. ఆవిడకది తెలీదు. ఇది రాయాలని ఇప్పుడే తట్టింది.

యానాం_పిల్లోడు
మధ్యలో దూరుతున్నా. మాదీ డెల్టానే అయినా అప్పట్లో ఫ్రెంచి జెండా. 1940లో పారిస్ జర్మనీవాళ్ళ చేతిలో పడ్డాక ఇక్కడ ఎవరి వైపు ఉండాలన్నది పెద్ద ప్రశ్న. పాండిచ్చేరి గవర్నరు బొన్వాఁ ఆ సెప్టెంబర్లో, జర్మనీతో పోరు ఆపని డీగాల్ వైపు వచ్చేశాడు, యానాం కూడా ఆయన వెంటే. మా ముత్తాత ఫ్రెంచి ఆఫీసులో గుమస్తా. ఆయన బావమరిది కాలవ దాటితే ఇంగ్లీషు ఇలాకాలో కాంగ్రెస్ మనిషి, 1942 ఉద్యమంలో జైలుకెళ్ళాడు. ఇద్దరూ ఒకే వరసలో కూర్చుని సంక్రాంతి భోజనం చేసేవారు. మా ఇంట్లో యుద్ధమంతా గారెల్లో అల్లం ఎక్కువైందా తక్కువైందా అన్న దగ్గరే అయిపోయింది.

అమలాపురం_అబ్బులు
ఆ గారెల సంగతి తేల్చాలంటే ఒక పండక్కి మమ్మల్ని పిలవాలి మరి.

పాతకాగితం
నోట్లు, స్టాంపులు దాచుకునే అలవాటున్నవాణ్ణి. నాలుగో అధ్యాయం ఇంతకుముందు ఇక్కడే పెట్టారు కదా, అందులో చిన్న తప్పుంది. పెద్దతాత జపాన్ నోట్లు లెక్కపెడుతుంటే "అరటిచెట్టు బొమ్మ" అని రాశారు. అరటిచెట్టు మలయా నోటు మీదది, పది డాలర్లది. బర్మాకి అచ్చేసినవి రూపాయల్లో ఉంటాయి, మీద 'బి' అక్షరం, పెద్ద నోట్ల మీద గోపురం బొమ్మ. నా దగ్గర ఒక అయిదు రూపాయలది ఉంది. కాయితం మంచిదే, ముట్టుకుంటే గరగరలాడుతుంది. సంతకం మాత్రం ఎవరిదీ ఉండదు. ఇంగ్లీషువాళ్ళు తిరిగొచ్చి అవి చెల్లవనేసరికి మూడేళ్ళ చెమట ఒక్క రోజులో చిత్తుకాగితమైంది. మీ ఇంట్లో అలాంటివేమైనా మిగిలాయా?

కోరంగి_కలం
తప్పు దిద్దుకుంటాను, చాలా థాంక్సండీ. మిగిలాయి. అక్క వాళ్ళింట్లో బర్మా టేకు పెట్టె ఉంది. మూత లోపలివైపు ఆ నోట్లని మైదాపిండి జిగురుతో వరసగా అంటించేశాడు పెద్దతాత. చిన్నప్పుడు మేం బొమ్మల కాయితాలనుకునేవాళ్ళం.

రేవు అధ్యాయం నుంచి ఒక ముక్క పెడుతున్నాను, భాష ఎలా ఉందో చెప్పండి:

"వర్షం మొదలవబోతోంది. ఓడ దిగిన పటాలం రేవులో బారులు తీరింది. గిడ్డంగి గోడకి ఆనించి కూర్చోబెట్టినవాళ్ళలో మూడోవాడు తలెత్తాడు. గడ్డం నెరిసింది. చెంప మీద సొట్ట అలాగే ఉంది. తమ్ముడు అడుగు ముందుకెయ్యబోయాడు, వెనక నుంచి హవల్దారు కేకేశాడు. అన్న నోరు తెరిచి అడిగిన మొదటి మాట: అమ్మ ఉందా?"

గౌతమి_గట్టు
ఆ చివరి మాట దగ్గర కడుపులో దేవినట్టయింది.

తాళ్ళరేవు_మాస్టారు
బాగుంది. ఒక్క సవరణ. మే మొదటి వారంలో ఇంగ్లీషు పటాలం దిగేసరికి ఊళ్ళో జపాన్ వాళ్ళు లేరు. ఏప్రిల్ ఆఖర్లోనే వెళ్ళిపోయారు. జైలు కప్పు మీద ఖైదీలు "జపాన్ వాళ్ళు పోయారు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు, పైన తిరిగే విమానాలకి కనపడాలని. ఆ మధ్యలో ఊరిని దోపిళ్ళు లేకుండా కాసింది లోకనాథన్ కింద ఉన్న ఆజాద్ హింద్ దళం, ఆరువేల మంది. వాళ్ళే ఊరు అప్పజెప్పి లొంగిపోయారు. కాబట్టి మీ రేవు సీనులో తుపాకుల మోత పెట్టకండి. నిశ్శబ్దం పెట్టండి.

సామర్లకోట_శీను
పయొనీర్ కోర్‌లో చేరిన చిన్నతాత ఎందుకు చేరాడో కూడా చెప్పండి. రాజభక్తా? కూటి కోసమా?

కోరంగి_కలం
కూటి కోసమే, శీను గారూ. నడిచొచ్చిన ఏడాది ఆయనకి పని లేదు. ప్రోమ్ దగ్గర కలరా చూశాడు, టౌంగుప్ కనుమలో తనతో బయల్దేరిన ఇద్దరు పోయారు, చిట్టగాంగ్ నుంచి రైలెక్కి సామర్లకోటలో దిగేసరికి మనిషి ఎముకల గూడు. ఇంట్లో ముసలి తల్లి, తన పెళ్ళాం, వదిన, ముగ్గురు పిల్లలు. పటాలంలో చేరితే నెల జీతం ఇంటికి పంపొచ్చు. అన్న పెళ్ళాం పిల్లల్ని ఆ మూడేళ్ళూ పోషించింది ఇంగ్లీషువాడి జీతమే.

లంక_లక్ష్మి
చూశారా. ఇక్కడ వదిన గారు తినే అన్నం ఇంగ్లీషు జీతంలోంచి వస్తోంది, అక్కడ మొగుడు జపాన్ కొలువులో. ఈ రెండూ పెద్దమామ్మ మనసులో ఎలా కలిశాయో రాయండి. ఆవిడ మాట్లాడాలి.

బర్మాక్యాంపు_బుజ్జి
విశాఖ నుంచి. మా నాన్నావాళ్ళు 1964లో బర్మా నుంచి వచ్చిన కాందిశీకులు. మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారం మొహింగా (చేపల పులుసులో సేమ్యా) వండుతారు, నప్పి (పులిసిన చేపల ముద్ద) డబ్బా మూత తీస్తే పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకుంటారు.

ఒక ప్రశ్న అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. అందరూ మేస్త్రీ గారు జపాన్ వాళ్ళకి ఎందుకు పనిచేశారు అని అడుగుతున్నారు. ఆయన నడిచి ఎందుకు రాలేదు అని ఎవరూ అడగలేదు. డబ్బున్న మేస్త్రీ, గట్టి మనిషి, అడ్డం లేదు. తమ్ముడు వచ్చాడు. ఆయన ఉండిపోయాడంటే అక్కడ ఇల్లు ఉన్నట్టు. ఇల్లంటే గోడలు కాదు.

కోరంగి_కలం
బుజ్జి గారూ, నాకు తెలిసి అలాంటిదేం లేదు.

బర్మాక్యాంపు_బుజ్జి
మా క్యాంపులో మూడిళ్ళకి ఒక ఇల్లు అలాంటిదే. మా నాయనమ్మే బర్మా మనిషి. పదిహేనేళ్ళు అక్కడున్న మగవాడికి వండి పెట్టేవాళ్ళు ఉండేవారు, పిల్లలు ఉండేవారు. 1942లో నడక దారిలో బర్మా భార్యని తెచ్చుకోవడం అంటే మాటలు కాదు. కొందరు వదిలి వచ్చేశారు. కొందరు ఉండిపోయారు. మీకు తెలీదంటే మీ ఇంట్లో చెప్పలేదేమో. ఎవరైనా పెద్దవాళ్ళుంటే అడిగి చూడండి.

అమలాపురం_అబ్బులు
బుజ్జి గారు చెప్పింది చదివాక, నేను మొదట "వేరే ఇంటివాణ్ణి చెయ్యండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంత దాచుకున్న ఇంటిని ఇంకా దాచమని చెప్పడం పాపం.

కోరంగి_కలం
నాలుగు రోజులు ఇటు రాలేదు. ఊరెళ్ళాను.

పెద్దతాత కూతురు ఉంది, మా అత్త. ఆయన తిరిగొచ్చాక 1948లో పుట్టింది. ఆవిడ దగ్గర కూర్చుని, గడప తొక్కనన్న అక్కని కూడా పిలిచి, బుజ్జి గారి ప్రశ్న అడిగాను. అత్త ఏం దాచలేదు. "నాకొక అక్క ఉంది అక్కడ. నాన్న చెప్పలేదు, అమ్మ చెప్పింది" అంది. లేచెళ్ళి టేకు పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డ తీసింది. చిన్న లుంగీ. మూరన్నర ఉంటుంది, నాలుగైదేళ్ళ పిల్లది. ఆకుపచ్చ మీద పసుపు అడ్డగీతలు. అంచు ఒకచోట వేరే రంగు దారంతో కుట్టి ఉంది, మగవాడి కుట్టు, ఎడంఎడంగా.

ఆ తర్వాత చెప్పిందే అసలు సంగతి. 1945లో తమ్ముడు పటాలంలో ఉన్నాడు గనక అన్న తరఫున అధికారులతో మాట్లాడగలిగాడు. ఓడలో ఇండియా పంపేవాళ్ళ పేర్లు రాసి ఇమ్మన్నారు. అన్న మూడు పేర్లు చెప్పాడట, తనది, అక్కడి భార్యది, పిల్లది. తమ్ముడు ఒక్క పేరే రాశాడు. వదినకి, తల్లికి ఏం చెప్పాలని. ఓడెక్కే రోజుదాకా అన్నకి తెలీలేదు. రేవులో వాళ్ళిద్దరినీ ఆపేశారు. ఈయన ఎక్కాడు. ఎక్కి వచ్చాడు. అది ఎందుకని అడిగితే అత్త "అదే ఆయన్ని ఆయన అడుక్కున్నది చచ్చేదాకా" అంది.

పాతికేళ్ళు మాట్లాడుకోనిది జపాన్ గురించి కాదు.

అక్క అప్పుడు నా వైపు తిరిగి ఒక మాట అంది. "మా తాత రాసిన పేర్లు రాయి. కానీ మీ తాత రాయని పేర్లు కూడా రాయి." నాకు నోట మాట రాలేదు. మా తాత నన్ను సైకిల్ మీద బడికి దింపిన మనిషి.

గౌతమి_గట్టు
ఏం చెప్పాలో తెలియట్లేదు. రెండుసార్లు చదివాను.

సామర్లకోట_శీను
రెండూ రాయండి. రేవు పేర్లు, ఓడ పేర్లు. మీ అక్కకి నా నమస్కారం చెప్పండి.

లంక_లక్ష్మి
పెద్దమామ్మకి ఎప్పుడు తెలిసిందట? కూతురికి చెప్పిందంటే ఆవిడకి ముందే తెలుసు.

కోరంగి_కలం
అత్తని అదే అడిగాను. వచ్చిన మొదటి రాత్రే పెద్దతాత చెప్పేశాడట. పెద్దమామ్మ ఆ లుంగీ ఉతికి, మడతపెట్టి, కలరా ఉండలేసి పెట్టె అడుగున తనే పెట్టిందట. మరిదికి మాత్రం ఆ తర్వాత తన చేత్తో అన్నం వడ్డించలేదు. మూడేళ్ళు కూడు పెట్టిన మరిది. ఆవిడే నా నవలలో వంటింట్లో మౌనంగా ఉన్న మనిషి. ఆ అధ్యాయాలన్నీ మళ్ళీ రాస్తున్నాను.

బుజ్జి గారూ, ఇంకొకటి మీకే తెలియాలి. ఆ పిల్ల పేరు అత్తకి తెలీదు. పెద్దతాత ఎప్పుడూ పేరు పలకలేదట. కానీ ప్రతి గురువారం పొద్దున్నే చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి చెరువుగట్టు మీది రావిచెట్టు మొదట్లో పోసి వచ్చేవాడు. అది నాకు మా నాన్న కూడా చెప్పాడు. దత్తాత్రేయుడికి మొక్కు అనుకునేవాళ్ళం అందరం.

బర్మాక్యాంపు_బుజ్జి
చెట్టుకి ఏ వైపు పోసేవారు?

కోరంగి_కలం
ఎందుకండీ?

బర్మాక్యాంపు_బుజ్జి
మా వైపు మనిషి పుట్టిన వారాన్ని బట్టే పేరు, మొక్కు అన్నీ. పగోడా చుట్టూ వారానికొక మూల ఉంటుంది. ఎవరు పుట్టిన వారం మూలకి వాళ్ళు వెళ్ళి అక్కడి బుద్ధుడి మీద నీళ్ళు పోస్తారు. పిల్లలు చిన్నవాళ్ళయితే వాళ్ళ తరఫున అమ్మానాన్నా పోస్తారు. గురువారం పుట్టినవాళ్ళది పడమర. పేరు ప, ఫ, బ, మ అక్షరాల్లో ఒకదానితో మొదలవుతుంది. మా నాయనమ్మ గురువారం మనిషి, పేరులో మ్యా ఉండేది. మ్యా అంటే పచ్చ.

కోరంగి_కలం
అత్తకి ఇప్పుడే ఫోన్ చేశాను. దిక్కు అడిగితే చెప్పలేకపోయింది. కాసేపు ఆలోచించి, "సాయంత్రం ఎండ పడే వైపురా. నేను వెంట వెళ్ళేదాన్ని. తూర్పున మెట్లున్నా ఎక్కేవాడు కాదు, చుట్టూ తిరిగి బురదలోంచి అటే వెళ్ళేవాడు" అంది.